ఎనిమిదింటికి ఒలిచిన గుడ్లు

కాదర్‌బీ అక్కా, బాగున్నావా? నువ్వు కన్నుమూసి ఏడు నెలలైంది.

ఉదయగిరి దగ్గర మన బడి వంటగదిలో పదకొండేళ్లు ఇద్దరం కలిసి వండాం కదా... ఇప్పటికీ అన్నం గిన్నె దించేటప్పుడు "అక్కా, పట్టు" అంటాను. అటు పక్క ఎవరూ ఉండరు.

నీతో ఒకటి చెప్పాలి. రెండు నెలలుగా చెప్పలేకపోతున్నాను.

రెండు నెలల కిందట ఒకరోజు పెద్దాఫీసరు బడి చూడటానికి వస్తున్నారని, పదింటికల్లా అన్నీ సిద్ధంగా ఉండాలని హెడ్‌మాస్టరు చెప్పారు. ఎనిమిదింటికే గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, స్టీలు గిన్నెలో మూతేసి పెట్టాను. పదైంది, పన్నెండైంది... ఆయన రాలేదు. ఆయన చూశాకే వడ్డించాలన్నారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఒంటిగంటన్నరకు కారు వచ్చింది.

ఒక గుడ్డు తిని చూశాను. బాగానే ఉంది. వాసన కూడా లేదు. వడ్డించేశాను. నువ్వైతే ఏమనేదానివో నాకు తెలుసు. "ముక్కును నమ్మబాకమ్మే, గడియారాన్ని నమ్ము. గోరెచ్చగా మూతేసి పెట్టినావంటే దాంట్లో ఏం పుట్టిందో ఎవురికి తెలుసు?"

బడి వదిలే వేళకు మూడో తరగతిలో ఒకరు వాంతి చేసుకున్నారు. తర్వాత ఇంకొకరు... మొత్తం పద్నాలుగు మంది. వాళ్లలో నీ మనవరాలు ఆయేషా.

మిగతా పిల్లలకు ఉదయగిరిలోనే తగ్గింది. ఆయేషాను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ గుడ్డు తిన్నందుకు నాకూ కడుపులో తిప్పుతూనే ఉంది. అయినా ఆటో ఎక్కి వెళ్లాను. సెలైన్ ఎక్కుతున్న ఆ చిన్న చేతిని చూస్తూ మంచం పక్కన కూర్చున్నాను. నీ కొడుకు రసూల్ నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో అక్కా... తెల్లవారాక పాప లేచి నీళ్లు అడిగింది. ఓఆర్ఎస్ కలిపి చెంచాతో తాగించాను. "ఇంకా" అంది. బయటికెళ్లి ఏడ్చాను.

విచారణకు వచ్చారు. బల్లి పడిందని చెప్పేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. బల్లి ఏం పాపం చేసింది? ఎనిమిదింటికి ఒలిచానని, అయిదున్నర గంటలు మూత పెట్టి ఉంచానని చెప్పాను. పని పోతుందనుకున్నాను. పోలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా రాకపోయినా గంట కొట్టగానే వడ్డన. గుడ్లు అప్పుడే ఒలుస్తాను, అదీ చేతులు సబ్బుతో కడిగాకే. నీళ్ల ట్యాంకు కడిగించి మూతకు తాళం వేయించారు. మొన్న హెడ్‌మాస్టరు కాసేపు ఆగమంటే ఆగనని చెప్పాను. ఆయన సరేనన్నారు. ఇంత తేలికా అక్కా, ఆ మాట అనడం? ఆ రోజు నా నోటికి ఎందుకు రాలేదు?

విచారణలో చెప్పనిది ఒకటుంది. మూత తీసినప్పుడే నీ మాట గుర్తొచ్చింది. పెట్టకూడదని తెలుసు. తెలిసే, కారు చూసి భయపడి గరిటె పట్టుకున్నాను. నువ్వుంటే గిన్నెకు అడ్డంగా నిలబడేదానివి.

ఆయేషా రోజూ బడిలోనే తింటోంది. వడ్డిస్తుంటే అచ్చం నీలాగే తల పక్కకు వంచి చూస్తుంది... నేను మళ్లీ ఒకసారి గడియారం చూస్తాను.

రసూల్‌కు ఈ సంగతి తెలియదు. మళ్లీ నన్ను పిన్నమ్మా అని పిలుస్తున్నాడు. శుక్రవారం అతను నమాజు నుంచి వచ్చాక మీ ఇంటికి వెళ్లి చెప్తాను. ఆ తర్వాత ఆ పిలుపు ఉంటుందో, ఉండదో...

అయినా చెప్తాను అక్కా. ఇది నీకిస్తున్న మాట.

నీ రమణమ్మ