ముసలాయన అడిగిందేంది?

అన్నా,

ఈ పొద్దుకు నువ్వు పోయి ఏడాది. పుంగనూరు ఇంట్లో అందరి భోజనాలూ అయినాక నీ లాప్‌టాప్ తెరిచినా. ఎప్పుడో జపానోళ్లు ఇండ్లల్లో పెట్టుకున్న పాత కంప్యూటర్ ఆటల్ని ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఏసి దీంట్లోనే నడిపిస్తాంటివి కదా. నీ ఆట ఆపినకాడే ఉండాది. ఆటలో నీ మనిషి మంచుకొండ మీది గుడిసెలో, ముసలాయన ముందర నిలబడుండాడు.

"ఒక్క ముక్క అర్థంకాని ఆట యాలన్నా?" అంటే, "అర్థమైపోతే ఇంగ ఆడేదానికి ఏముంటాది?" అంటివి. ముసలాయన ఏందో అడగతాండాడని, నాలుగు నెలలు సంచిలో ఉండేవి ఒక్కొక్కటే ఇచ్చి చూస్తాంటివి. కత్తి, దీపం, ఎండుచేప. ఆస్పత్రికి కూడా, ఏమేమి ఇచ్చిందీ రాసుకునే నోటుబుక్కు ఎత్తుకోని వస్తివి.

ఇప్పుడు ఫోన్ కెమెరా చూపిస్తే జపాన్ అక్షరాలు తెలుగులో వస్తాండాయి. చూపించినా. ఆయన ఏమీ అడగలేదన్నా. "నీ ప్రయాణం ముగిసింది. ఇంత దూరం వచ్చినందుకు కృతజ్ఞతలు" అంటాండాడు. నువ్వు ఆ గుడిసెకు చేరినప్పుడే ఆట అయిపోయింది. నువ్వు గెలిచినావు.

అమ్మకు చెప్తే, "ఆ సంగతి వాడికి తెలుసునా?" అనింది. నేను నీ నోటుబుక్కు తెరిచినా.

నోటుబుక్కులో చివరగా రాసిపెట్టుండావు: "రేపు కంబళి ఇచ్చి చూడాల."

ఇచ్చి చూసినానన్నా. ఆయన మళ్లీ అదే మాట చెప్పినాడు.