అత్త బి, కోడలు బి

1, సోమవారం. ఉదయం 6.10
తీర్మానం! రోజూ నాలుగున్నరకి లేచి, పాత కంప్యూటర్ల వేగాలన్నీ కంఠతా పట్టాలి. (ఈ రోజు ఆరింటికి లేచాను. తీర్మానం చేసుకున్నదే ఆరూ అయిదుకి కాబట్టి తప్పు లేదు.)

తొమ్మిదో తేదీ నుంచి మంగళ, గురువారాలు మా ఆయనకి బడిలో పని. పాత కంప్యూటర్లు బాగుచేసే మా కొట్లో ఆ రెండు రోజులూ నేను కూర్చుంటానని నిన్న రాత్రి ఆయన చెవిలో చెప్పాను. అత్తయ్యకి వినబడింది.

"షట్టర్ దించేద్దాంరా. ఈ అమ్మాయి నోరు తెరిచేలోపు వచ్చినవాడు ఇంటికెళ్ళి ఓ కునుకు తీసి వస్తాడు."

"ఎనిమిదో తేదీకల్లా ఈ వేగాల లెక్కలు నేర్చుకుంటే కుర్చీ తనది. లేకపోతే తాళమే," అన్నారాయన.

నేను చదివింది అయిదో తరగతే. కానీ భాగహారంలో నన్ను మించినవాళ్ళు లేరు!

2, మంగళవారం. ఉదయం 7.00
ఆయన గోడకి అంటించుకున్న ఇంగ్లీషు పట్టిక తెలుగులో రాసేసుకున్నాను. సెకనుకి ఎంత వెళ్తుందంటే:
ఫోను మోడెమ్ – 56 కి.బి.
పాత యుఎస్‌బి – 12 మె.బి.
దాని తర్వాతది – 480 మె.బి.
హార్డ్ డిస్క్ వెడల్పు కేబుల్ – 133 మె.బి.
బట్టలు ఉతికేలోపు వచ్చేసింది. ఇంతేనా!

3, బుధవారం. ఉదయం 11.20
ఆయన లేరు. ఫోటోగ్రాఫర్ గారు డిస్కు తెచ్చారు, అందులోవి మా కంప్యూటర్లోకి ఎక్కించాలట. 5400 మె.బి. ఫోటోలు, పాత యుఎస్‌బి. "ఎంతసేపమ్మా?"
5400ని పన్నెండుతో భాగిస్తే 450 సెకన్లు. తెర వెనక నుంచే చెప్పాను: "ఏడున్నర నిమిషాలండీ!" నా మొదటి జవాబు!!

12.35
ఇప్పుడే అయింది. అత్తయ్య ఫోటోగ్రాఫర్ గారికి రెండుసార్లు టీ ఇచ్చింది. వెళ్తూ, "చెల్లెమ్మా, మీ గడియారంలో నిమిషానికి ఎన్ని సెకన్లు?" అన్నారు. నేను పాత మానిటర్ల వెనక ఉన్నాను.

సాయంత్రం 6.00
మా ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. చిన్న బి అంటే బిట్టు. పెద్ద బి అంటే బైటు. ఎనిమిది బిట్లు ఒక బైటు. యుఎస్‌బిది చిన్న బి, ఫోటోలవి పెద్ద బి. ముందు వేగాన్ని ఎనిమిదితో భాగించాలట.
నా పుస్తకంలో అన్నీ ఒకటే బి. తెలుగులో చిన్న బి, పెద్ద బి ఎక్కడున్నాయి?
ఉపాయం! పెద్దది అత్త, చిన్నది కోడలు. ఒక అత్త = ఎనిమిది మంది కోడళ్ళు. 480 మంది కోడళ్ళంటే అరవై మంది అత్తలే. వెడల్పు కేబుల్లో ఉన్నది 133 మంది అత్తలు! అదే పెద్ద వేగం. ఇప్పటిదాకా తిరగేసి చదివాను.
పుస్తకం ఎవరి కంటా పడకూడదు. ఖాళీ సీపీయూ డబ్బాలో దాచాను.

5, శుక్రవారం. ఉదయం 8.40
నిన్న జలుబు. ఈ రోజు పెన్ను కనబడలేదు. (ఇది పెన్సిల్.)

మధ్యాహ్నం 2.15
ఘోరం. సాటా అని ఇంకో కేబుల్ ఉందట. 1500 మె.బి., చిన్న బి. ఎనిమిదితో భాగించాను. "దీనికి పదితో," అన్నారాయన.
"అదేంటండీ? ఎనిమిదన్నారుగా!"
"ప్రతి ఎనిమిది బిట్లకీ ఇంకో ఇద్దరు తోడు వెళ్తారోయ్. వాళ్ళు దారి చూడటానికే. లెక్కలోకి రారు."
అంత దూరం నడిచి లెక్కలోకి రాని ఆ ఇద్దరినీ తలుచుకుంటే ఏడుపొచ్చింది.

6, శనివారం
చదవలేదు.

7, ఆదివారం
ఆ కుర్చీ గట్టిగా ఉంటుంది. నడుం నొప్పి. నాకెందుకు?

8, సోమవారం. ఉదయం 10.00
అయిపోయాను! అత్తయ్య డబ్బాలు దులిపి పుస్తకం పట్టుకుంది.
"ఏమే, ఒక అత్త ఎనిమిది మంది కోడళ్ళకి సమానమా?"
తలుపు వైపు ఒక అడుగు వేశాను.
"ఎంత బాగా కనిపెట్టావే!" అంది.
నవ్వుతోంది! ఆ ధైర్యంతో బిట్టు, బైటు, తోడు వెళ్ళే ఇద్దరు, అన్నీ గడగడా చెప్పేశాను. అత్తయ్య ముందు ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.
"అయితే మొన్న ఆ ఫోటోలకి పన్నెండు మంది కోడళ్ళంటే ఒకటిన్నర అత్త. గంట పడుతుంది. నువ్వు పన్నెండు మంది అత్తలనుకున్నావు," అంది.
చప్పున! నాకంటే ముందే!
తర్వాత కొడుకుని పిలిచింది. "ఒరేయ్, తాళం వద్దు. కుర్చీలో ఇది, పక్కన స్టూలు మీద నేను."

9, మంగళవారం. ఉదయం 10.30
కుర్చీలో ఉన్నాను! గట్టిగా లేదు.
ఫోటోగ్రాఫర్ గారు ఇంకో డిస్కు తెచ్చారు. 2700 మె.బి., అదే యుఎస్‌బి. "ఎంతసేపు చెల్లెమ్మా? చాప తెచ్చుకోనా?"
నేను పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాను. అత్తయ్య స్టూలు మీద నుంచి వంగి, "అత్తలెంతమందో చూడవే," అంది.
"ఒక్కరేనండీ. మా ఇంట్లోనే ఉంటారు," అన్నారు ఫోటోగ్రాఫర్ గారు కంగారుగా.
నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే మాట కూడా వచ్చేసింది, గట్టిగా: "అరగంట! కూర్చోండన్నయ్యా."

11.15
నలభై నిమిషాలు పట్టింది. మా ఆయనకి ఫోన్ చేస్తే, లెక్క కాగితం మీదేనట, దారిలో ఎప్పుడూ కొంత తరుగు పోతుందట. ఆ సంగతి మొదటి రోజే చెప్పొచ్చుగా!

తీర్మానం! తరుగు లెక్క మొత్తం నేర్చుకోవాలి. రేపటి నుంచి నాలుగున్నరకే లేస్తాను. అత్తయ్య కూడా లేస్తానంది. కాబట్టి కోడళ్ళ లెక్కలో తొమ్మిది మందిమి.