పదకొండు మెట్ల చావు

క్యోటో సినిమా కంపెనీ మేనేజరు కురమోచి గారికి,

చలి తగ్గింది. నా కోపం తగ్గలేదు. మీ కత్తియుద్ధాల సినిమాల్లో చచ్చే తెత్సుగొరో తల్లిని. నిన్న మీరు పంపిన పెట్టె తెరిస్తే నల్ల రిబ్బను కట్టిన మావాడి ఫొటో! పోయినవాళ్లకి కదండీ అది కట్టేది! నాతో సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తీసే ఆడవాళ్లంతా అగరుబత్తీలతో దిగారు. గురువుగారు మంత్రం సగంలో ఉండగా పోస్టాఫీసుకి వాడి ఫోను: "అమ్మా, ఎండుచేపలు పంపావా?" మొదలెట్టాక ఆపకూడదని గురువుగారు మిగతా సగమూ చదివేశారు.

ఇరవై సినిమాల్లో ఇరవైసార్లు చంపారు. ఒక్కసారి ఆఖరిదాకా బతకనివ్వండి.

వేలిముద్ర: ఇసోయో

తా.క. అమ్మగారి తిట్లలో మూడు రాయలేదు. — రాసినవాడు, పోస్టుమాస్టరు నిషియోకా

ఇసోయో అమ్మగారికి,

పూలవేళ తమరు క్షేమమని తలుస్తాం. ఆ ఫొటో సినిమాలో వాడినదే. అందంగా వచ్చిందని మీ అబ్బాయే పంపమన్నాడు. చంపడం మానలేం. మొన్న పదకొండు మెట్లు దొర్లి చచ్చాడు, హాలంతా చప్పట్లు.

విధేయుడు, కురమోచి

తా.క. ఆ చప్పట్లకి హీరో అలిగి అన్నం మానేశాడు.

కురమోచి గారికి,

వానలొచ్చాయి. మీకు బుద్ధి రాలేదు. చావుకి చప్పట్లా? ఎదురింటి ఓతాకే రోజూ, "వదినా, మీవాడు ఈసారి ఎంతసేపు బతికాడే?" అంటోంది. ఇంకోసారి చంపితే వచ్చి మీ గేటు ముందు ఊపిరి బిగబట్టి పడుకుంటా. చావంటే ఏమిటో నేను చూపిస్తా.

వేలిముద్ర: ఇసోయో

అమ్మగారికి,

దయచేసి రావద్దు. శుభవార్త! మీ అబ్బాయిని అమెరికా సినిమాకి పిలిచారు. అందులో చివరిదాకా బతికే ఉంటాడు.

విధేయుడు, కురమోచి

కురమోచి బాబుకి,

ఆకులు రాలుతున్నాయి. నా పరువు ముందే రాలింది. శుభకార్యాలకి వండే అలసందల ఎర్రన్నం వండి, ఊరందరినీ పడవెక్కించి టౌనుకి తీసుకెళ్లాను. బతికే ఉన్నాడు నాయనా, రెండు గంటలూ! ఒక లావుపాటి దొర వెనక పళ్లెం పట్టుకుని నిలబడి! మాట్లాడింది ఒక్కటే: "చిత్తం." ఓతాకే అడిగింది కదా, "వదినా, అది మీవాడా, స్తంభమా?" అదీ ఒక బతుకేనా? మీ దగ్గర చచ్చినప్పుడు తెరంతా వాడే.

వాణ్ని వెంటనే వెనక్కి పిలిపించి చంపండి. ఈసారి పన్నెండు మెట్లు కట్టించండి. ఫొటోకి రిబ్బను విప్పలేదు, పంపిస్తున్నా, మళ్లీ వాడుకోండి.

వేలిముద్ర: ఇసోయో

తా.క. ఈసారి తిట్లు ఒక్కటీ వదలకుండా వేరే కాగితం మీద రాశాను. ఆ సినిమా నేనూ చూశాను. — నిషియోకా