సంపులో సుడి

గోదావరిఖని,
అక్టోబరు 2011, ఆదివారం పొద్దున.

నాకు సొంత అన్నకంటే ఎక్కువైన రాయమల్లన్నకు, తమ్ముడు యేసుబాబు చేతులు జోడించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ రాహేలు, పిల్లలు బాగున్నారు. అక్కడ నువ్వూ సారక్కా కుశలమేనా అని అడగాలి గానీ, అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. మన రెండు క్వార్టర్ల మధ్య ఉన్నవి నాలుగే తలుపులు. అయినా ఉత్తరం రాయాల్సి వచ్చింది. నిన్న సాయంత్రం వస్తే నువ్వు ఇంట్లో ఉండి కూడా బయటికి రాలేదు. మా ఆయన బడి సార్లతోని పనిలేదంటున్నడు తమ్మీ, ఏమనుకోకు అని సారక్క తల దించుకుని చెప్పింది. అనుకోవడానికేముంది, నాకు తగిన శాస్తే.

అన్నా, కోపంతో ఈ కాగితం చింపకు. అసలు విషయం ముందే చెప్తాను. సమ్మె ముగిసింది. రేపు మొదటి షిఫ్టుకు నూటా నలభై మంది మన బొగ్గు బాయిలోకి దిగుతున్నారు. అందులో మా తమ్ముడు సామ్యేల్ ఉన్నాడు. ఇన్నాళ్లకు డ్యూటీ దొరికిందని వాడు నిన్ననే బూట్లు కడిగి ఎండబెట్టుకున్నాడు. బాయి నీళ్లు చేరే గుంట, నువ్వు పంపు నడిపే ఆ సంపు ఉంది చూడు, వాడి పని దానికి దిగువ సొరంగపు గల్లీలోనే. ఇవాళ నువ్వు రెండో షిఫ్టుకు దిగగానే, పంపు బుక్కులో ఆ సుడి సంగతి రాయాలి. నువ్వు రాస్తేనే మేనేజరు రేపు జనాన్ని ఆపి లోపల పరీక్ష చేయిస్తాడు.

సమ్మెలో బాయంతా ఖాళీ. పంపులు ఆగితే బాయి మునుగుతుందని, మీ పంపు ఆపరేటర్లను మాత్రం సంఘాలే డ్యూటీకి పంపాయి. మా బడి కూడా బందే. నేను రోజూ పోశం హోటల్లో కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పాఠాలు చెప్పేవాడిని. తొమ్మిది రోజుల కిందట నువ్వు షిఫ్టు దిగి వచ్చి, చాయ కూడా తాగకుండా నా పక్కన కూర్చున్నావు. సంపుల నీళ్లు తగ్గినప్పుడు పైపు మీద సుడి లేస్తది గద తమ్మీ, పందొమ్మిదేండ్ల సంది అది గడియారం ముల్లుకు ఎదురే తిరిగింది, మూడు దినాల సంది ముల్లు లెక్కనే తిరుగుతాంది, నీళ్లు గూడ కుళ్లిన గుడ్డు వాసనొస్తానయి, ఎందుకంటవ్ అని అడిగావు.

నేనేం చేశాను? కాలు మీద కాలేసుకుని, భూమి తిరగడం వల్ల మన దిక్కు ఏ నీళ్లయినా ముల్లుకు ఎదురే సుడి తిరుగుతాయని చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండు. నీ పంపు కోసం భూమి ఉల్టా తిరుగుతదా, పొద్దుగాల్నే కల్లు పడ్డదా అన్నాను. హోటలంతా పగలబడి నవ్వింది. నువ్వు కల్లు ముట్టక ఎనిమిదేళ్లని నాకు తెలియదా? తెలిసే అన్నాను. మర్నాటి నుంచి నువ్వు కనబడితే చాలు, ఏందే భూగోళం, ఇయ్యాల భూమి ఎటు తిరుగుతాందే అని పలకరింపులు. నువ్వు హోటల్ దిక్కు రావడమే మానేశావు. పంపు బుక్కులో మాత్రం రోజూ అంతా మామూలే అని రాస్తున్నావట. ఎట్లా రాస్తావు మరి, నేను నీ నోరు మూయించాక!

మొన్న శుక్రవారం అన్నం తింటూ సామ్యేల్ మాటల్లో చెప్పాడు. మీ సంపుకు పడమట, ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన పాత గల్లీలున్నాయట. వాటినిండా ఏళ్లనాటి నీళ్లేనట. నువ్వు చెప్పిన కుళ్లిన గుడ్డు వాసన గుర్తొచ్చింది. నిన్న పొద్దున్నే వాకిట్లో నీలం తొట్టి పెట్టి, అడుగు చిల్లుకు బిరడా వేసి నీళ్లు నింపాను. బిరడా లాగి చూశాను. ఇరవై సార్లు చేశాను. ఈ అంచు నుంచి నీళ్లు పోస్తే సుడి ఇటు, ఆ అంచు నుంచి పోస్తే అటు. భూమి తిరగడం తుఫాన్లను తిప్పుతుంది గానీ, తొట్టినీ సంపునీ తిప్పేంత జోరు దానికి లేదు. నీళ్లు ఎటు నుంచి వచ్చి చేరుతాయో దాన్నిబట్టే సుడి. నీ సంపులోకి కొత్త దిక్కు నుంచి నీళ్లు వస్తున్నాయన్నా. అవీ నిల్వ వాసన కొట్టే నీళ్లు. పాత గల్లీల నీళ్లకు అడ్డంగా ఉన్న బొగ్గు గోడ ఎన్నాళ్లు ఆగుతుందో నాకంటే నీకే తెలుసు.

పరీక్షలో ఏమీ తేలకపోతే నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ. బాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్ రాజం దగ్గరికి పోయి చెప్పాను. మా బుక్కుల ఏం లేదు సార్, మీ బడి సంగతి మీరు చూసుకోండ్రి అన్నాడు. అక్కడ నా మాట చెల్లదు, నీ రాతే చెల్లుతుంది. ఇన్ని రోజులు మామూలే అని రాసి ఇప్పుడు ఇట్లా రాస్తే ఛార్జిషీటు ఇస్తారని నీకు ఫికరుంటుంది. అది ఉత్త భయమని నేననను. కానీ ఎవరి మాట వల్ల రాయలేదో మేనేజరు ముందు నేనే చెప్తాను. పోశం హోటల్లో అందరి ముందూ చెప్తాను. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. సామ్యేల్‌ను రేపు దిగనియ్యకు అన్నా.

ఈ కాగితం సారక్క చేతికిచ్చి మీ వాకిట్లోనే నిలబడతాను. నువ్వు బయటికి వచ్చేదాకా కదలను.

నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన తమ్ముడు,
యేసుబాబు

తా.క.: మడత పెట్టి మళ్లీ విప్పాను. పైన ఒక అబద్ధం రాశాను. తొట్టి సంగతి నాకు నిన్న తెలిసినట్టు రాశాను కదా, కాదు. మూడేళ్ల కిందట మా బడికి అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు, భూమి తిరగడం వల్లే నీళ్లు ముల్లుకు ఎదురు తిరుగుతాయన్న పాఠం ఇదే తొట్టితో చేసి చూపించాను. బిరడా లాగేసరికి నీళ్లు ముల్లు లెక్కనే తిరిగాయి. వచ్చినవాళ్లు వంగి చూసేలోపు నీళ్లలో వేలు పెట్టి ఎదురు తిప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. మా ముందు గదిలో దాన్ని తగిలించడానికి మేకు కొట్టింది నువ్వే. హోటల్లో నువ్వు అడిగిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ వేలే. అందుకే అందరికంటే గట్టిగా నవ్వాను. నువ్వు చూసింది నిజమే అన్నా. నాకు ఆ రోజే తెలుసు.