పిచ్చుక చెప్పులు

జూలై 3, సోమవారం

రాయవే మనవరాలా. చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు.

నేను బడి ఆయాను. పందొమ్మిదేళ్లుగా చీపురు నాది, గంట నాది. అక్షరం రాదు, లెక్క వచ్చు. పొద్దున్నే పిల్లలు గుమ్మం ముందు విప్పిన చెప్పుల జతలు లెక్కపెట్టి వంటామెకు చెబుతాను. ఆ లెక్కకే అన్నం వండుతుంది. వారంగా ఇరవై తొమ్మిది మందికి వండితే ఇరవై ఎనిమిది కంచాలే కడగడానికి వస్తున్నాయట. మిగిలింది నేను కొంగున దాచుకుపోతున్నానట. ముసలిదానికి నోరొక్కటే అనుకున్నా, చెయ్యి కూడా పొడుగే అని పెద్దసారు ముందే అంది వంటామె. శుక్రవారంలోగా తేలకపోతే పని మానేయమన్నాడాయన.

మనవరాలి చేయి ఆగింది. అదీ రాయమన్నాను.

జూలై 4, మంగళవారం

రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదే. తప్పితే చెవులు కోసుకుంటాను.

జూలై 5, బుధవారం, పదకొండు గంటలు

కిటికీలోంచి తలలు లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది.

చెప్పుల దగ్గర కూర్చుని ఒక్కో జతా చూశాను. చివర నీలం చెప్పులు. తెగిన పట్టీకి పిన్నీసు. అది నా గాజుకున్న పిన్నీసు, నేనే పెట్టాను. అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల చెప్పులవి. దాని తల్లి కట్టడం పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. పిల్ల వారంగా ఇంట్లో తల్లినీ చంటి తమ్ముణ్ణీ చూసుకుంటోంది. పిల్ల రాలేదు, చెప్పులు వచ్చాయి.

అదే రోజు సాయంత్రం

బడి వదిలాక పిల్లల వెనకే వెళ్లాను. ఒకరి బ్యాగులో చెప్పులు, ఒకరి చేతిలో డబ్బా. అన్నం వరుసలో రెండుసార్లు నిలబడి తెచ్చిన డబ్బా. పిచ్చుక తమ్ముణ్ణి చంకనేసుకుని వట్టి కాళ్లతో తలుపు తీసింది. రేపు చెప్పులు మోసే వంతు ఆ బడిలోనే చదివే నా మనవరాలిదట.

ఇదేం పనే అని మనవరాలిని అడిగాను. బడికి వచ్చినవాళ్లకే అన్నం అన్నారు కదా నాయనమ్మా, పిచ్చుకను తేగలిగినంత తెచ్చాం అంది.

జూలై 6, గురువారం

ఇన్నేళ్లు ఈ పిల్లల్ని గొంతు చించుకుని తిట్టాను. ఇవాళ చెప్పులు ఇరవై తొమ్మిదనే వంటామెకు చెప్పి వచ్చాను.

నిజం చెబితే నా పని నిలుస్తుంది, పిచ్చుక ముద్ద పోతుంది. నేనే తిన్నానని పెద్దసారుకు కాగితం రాయి అని మనవరాలితో అన్నాను. రాయనంది. ఇంత మొండితనం ఎవరి పోలికో నాకు తెలుసు.

జూలై 7, శుక్రవారం

పెద్దసారు గదిలో నేను నోరు తెరిచేలోపే వెనక పిల్లలందరూ వచ్చి నిలబడ్డారు. అందరిలోకీ చిన్నవాడు, పొట్టోడు, నీలం చెప్పులు టేబుల్ మీద పెట్టి చెప్పేశాడు. ఆయమ్మ కాదు సార్, మేమే, కావాలంటే మా అందరి కంచాల్లో ఒక్కో ముద్ద తగ్గించండి అన్నాడు.

ఆ ముద్దలన్నీ కలిపితే ఎన్ని కంచాలవుతాయో వాడికి తెలియదు.

పెద్దసారు లేచి, ఆ పిన్నీసు చెప్పులు తన చేత్తోనే తీసుకెళ్లి గుమ్మం ముందు వరుసలో పెట్టాడు. ఇరవై తొమ్మిది అని వంటింటికి వినబడేలా చెప్పాడు.

జూలై 10, సోమవారం

చెప్పులు ఇరవై తొమ్మిది. పిల్లలు ఇరవై ఎనిమిది. వంటామె కూడా వచ్చి లెక్కపెట్టుకుంది. సరిపోయింది అంది.