మస్కట్ ఎక్కిళ్ళు

నర్సూ,

ఎట్లున్నావని అడిగితే నవ్వుతావేమో. అయినా అడుగుతున్నాను... ఎట్లున్నావు? నువ్వు పోయి రేపటికి ఏడాది. రేపు నీ ఏడాది మాసికం. లత వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. మీ అన్న కోరుట్ల నుంచి పొద్దుటి బస్సుకే వచ్చాడు. ఏమేం వండాలో మన బిడ్డకు పాఠం చెప్పి, తిని, నిద్రపోయాడు. నేను మిల్లుకు సెలవు పెట్టి, నువ్వు బీడీలు చేసే కిటికీ కింద చాప పరుచుకొని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు కూడా నా బుగ్గలో ఒకటి ఉంది. అదేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఇంటి సంగతులు. వానకు కూలిన వెనక గోడ మళ్ళీ కట్టించాను. పక్కింటి బర్రె ఈనితే జున్నుపాలు పంపారు, లత వండింది గానీ నీ చేతి జున్ను కాదు. మిల్లులో ఈసారి పత్తి బాగా దిగింది. భైంసా రోడ్డు పొడుగునా బండ్లే. అల్లుడు ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. నన్ను ఒక్కణ్ణి వదలనని లత ఇక్కడే ఉంటోంది. ఆ ప్రేమే నా చావుకొచ్చింది.

ఊళ్ళో నాకు పెద్ద పేరొచ్చింది నర్సూ. పెళ్ళానికి ఇచ్చిన మాట కోసం పోశెట్టి ఒక్క రోజులో బీడీ విడిచిపెట్టిండట... మగవాడంటే అట్లుండాలెనట. మిల్లులో పత్తి బేళ్ళు కట్టే అతని భార్య మొన్న మొగుణ్ణి రెక్క పట్టుకొని మన ఇంటికే తీసుకొచ్చింది, కాస్త బుద్ధి చెప్పమని. చెప్పాను. మనసు గట్టిగా ఉండాలని, మాటంటే మాటేనని, చాలా సేపు చెప్పాను. అదంతా బుగ్గలో దాన్ని ఓ పక్కకు నొక్కిపెట్టుకొనే.

నువ్వైతే పట్టేసేదానివి. పొగాకు తక్కువ పడ్డ బీడీని చూపించి ఏమనేదానివి? "పైకి మంచిగనే కనవడ్తది. ఒత్తి చూస్తె తెలుస్తది." నన్ను ఒత్తి చూసేవాళ్ళు లేకుండా పోయారు.

మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు జరిగిందంతా నువ్వు చూశావో లేదో నాకు తెలియదు. చూస్తారనే అంటారు. విస్తట్లో అన్నం, పుంటికూర, గారెలు, చేపల పులుసు... నీకిష్టమైనవన్నీ పెట్టాం. కాకి వచ్చి గోడ మీద కూర్చుంది. కూర్చుందంతే. దిగదు. ఎండెక్కుతోంది. చెల్లెకు ఏదో కోరిక మిగిలిందన్నాడు మీ అన్న. ఏడాది మాసికం మంచిగా చేయిస్తానని మాటిచ్చాడు. కాకి కదల్లేదు. బాపును కంటికి రెప్పలా చూసుకుంటానని లత మాటిచ్చింది. కాకి అటు తిరిగి కూర్చుంది. అప్పుడందరూ నా వైపు చూశారు.

నాకు తెలుసు నర్సూ. ఒకటి కాదు, రెండు తెలుసు.

మొదటిది నా బీడీ. నీ ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఇంట్లో పొగ ఉండకూడదనీ నిజామాబాద్ డాక్టరు చెప్పిన రోజు, బస్సులో నా భుజానికి తల ఆనించి అన్నావు. "నేను చేసిన బీడీలు ఊరంత తాగనీ తియ్. నువ్వు తాగకు." మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనేం చేశాను? ఇంట్లో మానేసి అరుగు మీదికి మారాను. గాలి లోపలికే వీచేది. లోపల నువ్వు దగ్గేదానివి. ఇన్నేళ్ళు పొగాకు పొడి పీల్చింది కదా, ఆ దగ్గేలే అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు హాయిగా ఉండేది... అందుకే అనుకున్నాను.

రెండోది నీ డబ్బా. చాట ముందు కూర్చున్నంతసేపూ, బీడీల పొగాకులోంచి ఓ చిటికెడు తీసి కింది పెదవి వెనక పెట్టుకునేదానివి. కొంచెం చిన్న రేకు డబ్బాలో దాచుకునేదానివి. నాకు తప్ప ఎవరికీ తెలియదు, లతక్కూడా. నేను ఆటపట్టిస్తే నీ జవాబు సిద్ధంగా ఉండేది. "పొగ లేదు గదయ్యా, ఇదెట్ల తాగుడైతది?"

కల్లు తాగేవాళ్ళకు విస్తట్లో కల్లు పెడతాం. చుట్ట తాగేవాళ్ళకు చుట్ట పెడతాం. నీకు ఆ చిటికెడు పెట్టాలి. డబ్బా గూట్లోనే ఉంది, లేచి నాలుగడుగులు వేస్తే చాలు. కానీ లత అత్తగారు అక్కడే నిలబడి ఉంది, వాళ్ళ చుట్టాలున్నారు. నా భార్య నోట్లో పొగాకు పెట్టుకునేదని వాళ్ళ ముందు తెలియడానికి నాకు సిగ్గేసింది. లేవలేదు. దానికి బదులు చేతులు జోడించి, అందరూ వినేటట్టు, ఈ జన్మలో బీడీ ముట్టను, పొగాకు పేరెత్తను అన్నాను.

కాకి దిగింది. ముద్ద ఎత్తుకుపోయింది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ ఏడ్చాను, ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదు.

బీడీ నిజంగానే మానేశాను. నమ్ము. ఆ రోజు నుంచి ఒక్కటి వెలిగించలేదు. కానీ ఎట్లా గడిచిందో నీకు చెప్పాలి. పత్తి మిల్లు కదా, బీడీ కట్ట, అగ్గిపెట్టె గేటు దగ్గర అప్పజెప్పాకే లోపలికి పోవాలి. అన్నేళ్ళూ పొద్దంతా ఎట్లా ఓర్చుకున్నాను? సాయంత్రం గేటు దగ్గర అవి నాకోసం ఉంటాయనే ధీమాతో. ఇప్పుడు సాయంత్రం గేటు దగ్గర నాకోసం ఏమీ ఉండదు. ఇంటికొస్తే నువ్వూ ఉండవు. చిట్టాలో అంకెలు తప్పు వేసి సేటుతో తిట్లు తిన్నాను. ఊరికే లత మీద అరిచేవాణ్ణి.

ఓ రోజు గూట్లోంచి నీ డబ్బా తీశాను.

నీకు పెట్టనిది నేను పెట్టుకున్నాను నర్సూ. కింది పెదవి వెనక, నువ్వు పెట్టుకున్నట్టే. పొగ లేదు కదా అని నీ మాటే నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను ఎక్కిరించిన నోటితోనే. డబ్బా అడుగంటే దాకా ఆపలేదు. కొత్తది కొందామంటే పాన్ డబ్బా దగ్గర ఊరంతా నన్నే చూస్తుంది... పేరు మోసినవాణ్ణి కదా.

ఎస్టీడీ బూత్ నుంచి అల్లుడికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. కన్నబిడ్డకు చెప్పలేనిది అల్లుడికి చెప్పాను, చూడు. సిగరెట్ మానేవాళ్ళు నమిలే మందొకటి అక్కడ దొరుకుతుందట. జగిత్యాల అతనెవరో సెలవు మీద వస్తుంటే అతని చేతికిచ్చి పంపాడు. చూడటానికి పిల్లలు నమిలే చూయింగ్ గమ్మే. కొంచెం నమిలి బుగ్గన పెట్టుకోవాలి. కారంగా చురుక్కుమంటుంది. అందులో ఉన్నదీ పొగాకు సారమే, అల్లుడు ఆ మాట దాచలేదు. మెల్లమెల్లగ తగ్గించాలె మామా అన్నాడు. సరేనన్నాను. తగ్గించలేదు. అయిపోవస్తుంటే మళ్ళీ బూత్‌కు పోతాను.

అసలు పాపం ఇప్పుడు చెబుతాను.

ఆత్రంగా నమిలితే దానివల్ల ఎక్కిళ్ళు వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు భోజనం చేసి అరుగు మీద కూర్చున్నాను. లత నీళ్ళిచ్చింది. ఆగలేదు. వీపు నిమిరింది. ఆగలేదు. ఉన్నట్టుండి దాని మొహం వెలిగిపోయింది. బాపూ, అవ్వ యాది చేస్తుందే నిన్ను... అంది. అని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నువ్వు పోయినంక అది నవ్వడం అదే మొదలు.

నేనేమనాలి? అదేం కాదు బిడ్డా, మీ ఆయన పంపిన మందు అనాలి. అయి ఉంటుందిలే అన్నాను.

అప్పటి నుంచి నాకు ఎక్కిళ్ళు వస్తే చాలు, అది చేస్తున్న పని ఆపేస్తుంది. నీ ఫోటో వైపు తిరిగి, బాపు బాగనే ఉన్నడే అవ్వా, ఫికర్ చెయ్యకు అంటుంది. తను తిన్నదీ, వాళ్ళాయన ఫోన్లో అన్నదీ అన్నీ నీకు చెబుతుంది. నేను తల వంచుకొని కూర్చుంటాను. ఒకసారైతే, చాలా రోజులైంది అవ్వ యాది చేయక, అలిగిందేమో అని దిగులుపడింది. ఆ పూట నేను కావాలనే గబగబా నమిలాను.

ఇంతకన్నా దిగజారడం ఉంటుందా?

నిజామాబాద్ డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే పోయి చూపించుకున్నాను. నా ఛాతీ బాగానే ఉందట. ఇది నమలడం తప్పు కాదు, బీడీ మానినవాళ్ళకు ఇది చేతికర్ర, కాలు కుదిరాక వదిలేయండి అన్నాడు. మంచివాడు. ఆయన తప్పు కాదన్నది మందును. నేను లతకు చెప్పినదాని గురించి ఆయనకేం తెలుసు?

ఒకటి అడుగుతాను. ఈ ఏడాదిలో నిజంగా నన్నెప్పుడైనా యాది చేశావా? చేసి ఉంటే, మందు ఎక్కిళ్ళలో నీవి కూడా కలిసిపోయి ఉంటాయి... నాకు తెలియకుండానే వచ్చి పోయి ఉంటాయి. అది తలుచుకుంటే ఏ పనీ చేయబుద్ధి కాదు.

రేపటి సంగతి చెబుతాను. రేపు మొహం కడుక్కున్నాక అది నోట్లో వేసుకోను. నీ డబ్బా మూలలు పిన్నీసుతో గీరితే చిటికెడు పొడి రాలింది. కాగితంలో కట్టి పెట్టాను. పుంటికూర పక్కన, అందరూ చూస్తుండగా పెడతాను. లత అత్తగారు కూడా వస్తోంది, చూడనీ. మీ అన్న అడిగితే ఇది మా నర్సవ్వకు ఇష్టం అని చెబుతాను. సిగ్గుపడాల్సిన పని నువ్వేం చేయలేదు.

తర్వాత లతకు ఎక్కిళ్ళ సంగతి చెబుతాను. అక్కడే, విస్తరి ముందే. ఇంటికొచ్చాక చెబుదామనుకుంటే ఇంకో ఏడాది గడిచిపోతుంది, నా సంగతి నీకు తెలియనిదా? అది ఏడుస్తుంది. నిన్ను మళ్ళీ పోగొట్టుకున్నట్టు ఏడుస్తుంది. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో నాకు తోచడం లేదు. నువ్వుంటే చెప్పేదానివి.

కాకి దిగకపోతే?

మీ అన్న నా వైపు చూస్తాడు. ఏదన్న మాట ఇయ్యి బావా అంటాడు. ఇయ్యను. రేపటి నుంచి ఇది కూడా బంద్ అని అరిచి కాకిని దింపుకోను. పొద్దున ఒకటి తగ్గించి, అది అలవాటయ్యాక ఇంకోటి తగ్గించి, అట్లా పోతేనే నాతో అవుతుంది. ఆ మాట ఇక్కడ నీకొక్కదానికే ఇస్తున్నాను.

అన్నం చల్లారినా, ఎండ నెత్తికెక్కినా, ఖాళీ నోటితో అక్కడే నిలబడతాను. అప్పుడు గనక నాకు ఎక్కిళ్ళు వస్తే... అవి నీవే.

నీ
పోశెట్టి