రెండు దగ్గరగా, ఒకటి దూరంగా

ఈ నేలమాళిగ తలుపు మూసిన నాటి నుంచి తొమ్మిదో ఏడు, రెండు వందల పదకొండో రోజు. పొద్దుటి జావ ముగిశాక, పంపుల గదిని ఆనుకుని ఉన్న నా గదిలో, మంచం మీద పడుకుని, ఇక్కడి నలభై ఒక్క మందికీ పెద్దనైన నేను చెప్పి రాయిస్తున్న వీలునామా.

నాకు డెబ్బై ఒక్క ఏళ్లు. ఊపిరి అందడం లేదు, కాళ్లకు నీరు దిగింది. నర్సమ్మ లెక్కన వారం, నా లెక్కన పది రోజులు. మతి మాత్రం స్థిమితంగా ఉంది. ఈ మాట దగ్గర పంతులమ్మ కలం ఆగింది, నాకు వినబడింది. ఆగనక్కర్లేదమ్మా, రాయి: మతి స్థిమితంగా ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. చేయి వణుకుతున్నందువల్ల దస్తూరి పంతులమ్మది. ఈ గదిలో వినబడిన ప్రతి మాటా ఉన్నది ఉన్నట్టు రాస్తానని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. పిల్లలకు చదువు చెప్పే మనిషి, మాట తప్పదు.

సాక్షులుగా దర్జీ, నర్సమ్మ కూర్చున్నారు. గుమ్మం దగ్గర నా కూతురు నిలబడింది. మంచానికి కాళ్ల వైపు, స్టూలు మీద నా మరదలు, అంటే నా తమ్ముడి భార్య ఉంది. తక్కినవాళ్లంతా నడవాలో ఉన్నారు. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేసుకోండి.

నేను పుట్టుకతో పెద్దను కాను. పైనున్న పద్నాలుగు అంతస్తుల భవనానికి నీళ్లెక్కించే పంపుల మేస్త్రీని. నా తమ్ముడు నా కింద పనిచేసేవాడు. గాలి చెడిన రోజున మేనేజరు ఈ నేలమాళిగ తాళంచెవి నా చేతిలో పెట్టి, కారు తెచ్చుకుంటానని వెళ్లాడు. ఇంకా తెచ్చుకుంటూనే ఉన్నాడు. యాభై మూడు మంది లోపలికి వచ్చాక నేను తలుపు మూశాను. బయట ఇంకా చేతులు ఉన్నాయి. ఆ రోజు ఆ పని చేయడానికి మీలో ఒక్కరూ ముందుకు రాలేదు. మరునాటి నుంచి అందరూ నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను అడగలేదు, మీరే నిలబడ్డారు. ఆ తరువాత అలవాటు తప్పినవాళ్లను మాత్రం నేను అడిగాను.

ఇక నా ఆస్తి వివరం.

1. నా రెండు చొక్కాలూ, భోజనాల గదిలో నేను కూర్చునే కుర్చీ దర్జీకి చెందుతాయి. చొక్కాలకు వాడు వేసిన మాసికలే ఎక్కువ కాబట్టి అవి న్యాయంగా వాడివే. కుర్చీ సంగతి వేరు. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులూ వాడు అందులో కూర్చుని జావ తాగాడని నా చెవిన వేసినవాళ్లు ఉన్నారు. సరదాగా ఉందేమో, కూర్చోమనండి. దానికి ఒక కాలు పొట్టి. తొమ్మిదేళ్లు ఆ కాలి కింద అట్టముక్క పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. అట్టముక్క మాత్రం ఇవ్వను. అది నాతో పాటే పోవాలి.

2. నా ఉన్ని దుప్పటి నర్సమ్మకు ఇస్తున్నాను. నాకు పూటకు రెండు బిళ్లలు ఇవ్వవలసి ఉండగా ఒక్కటే ఇచ్చి, రెండోది పిల్లల కోసం దాచేది. తెలిసీ అడగలేదు. ఈ నేలమాళిగలో నేను తెలిసీ ఊరుకున్న మంచి పని అదొక్కటే. ఆమెకు ఎప్పుడూ కాళ్లు చల్లగా ఉంటాయని నా భార్య చెప్పేది.

3. నా భార్య దువ్వెన నా కూతురికి. రెండు పళ్లు విరిగాయి. విరిగినవి కూడా అగ్గిపెట్టెలో ఉన్నాయి, పెట్టెతో సహా తీసుకోవాలి. రెండో ఏట దాని తల్లి పోయే ముందు రోజు, జడ వేయించుకుంటాను, పిల్లను పంపండి అంది. పిల్ల అప్పుడు నీళ్ల గదిలో వంతులో ఉంది. వంతు మధ్యలో లేపకూడదన్న నిబంధన నాది. లేపలేదు. నా కూతురు నాలుగేళ్లుగా నన్ను నాన్నా అని పిలవడం లేదు. అందరిలాగే మేస్త్రీగారూ అంటుంది. ఎందుకు మానేసిందో ఆరో అంశంలో వస్తుంది. పిలిపించుకోవడానికి వీలునామాలో నిబంధన పెట్టవచ్చునా అని పంతులమ్మను అడిగాను. పెట్టకూడదట.

4. భోజనాల గది పలక, సుద్దముక్కల డబ్బా, అంకె రాసే హక్కు. తెలియనివాళ్లు లేరు గాని, కాగితం మీద ఉండాలి కాబట్టి రాయిస్తున్నాను. మెట్ల పైన, తలుపు పక్కన, బయటి గాలిని కొలిచే మీటరు ఉంది. రోజూ పొద్దున నేనొక్కణ్నే మెట్లెక్కి, ముల్లు ఎక్కడుందో చూసి, దిగి వచ్చి, ఆ అంకె పలక మీద రాస్తాను. అది చూశాకే జావ. ముల్లు ఇరవై కంటే కిందికి వస్తే తలుపు తీయవచ్చని మీటరు పక్కన అచ్చు కాగితం అంటించి ఉంది. నిన్నటి అంకె యాభై ఎనిమిది.

ఈ హక్కును నా కూతురికి ఇవ్వాలనుకున్నాను. ఇచ్చే ముందు దాని విలువ చెప్పడం న్యాయం. రెండేళ్లుగా నేను మీటరు చూడలేదు. నాకు చూపు లేదు. కళ్లలో కిటికీ అంత వెలుగు కూడా లేదు. ఈ సంగతి మీలో ఒక్కరికీ తెలియదు. అంత ఒడుపుగా నడుచుకున్నాను. మెట్లు ఇరవై ఆరు. భోజనాల గది గుమ్మం నుంచి పలకకు పదకొండు అడుగులు. పలక పక్కన మేకు ఉంటుంది, దాన్ని ఎడమ చేత్తో తడిమి కుడి చేత్తో రాస్తాను. ఎవరైనా ఎదురొస్తే గొంతు పెంచుతాను, వాళ్లే తప్పుకుంటారు.

ముల్లును నేను ఆఖరిసారి స్పష్టంగా చూసిన రోజున అది పద్నాలుగు దగ్గర ఉంది. పలక మీద అరవై ఒకటి రాశాను.

నడవాలో ఆ గోల ఏమిటి? ఇంకా అయిపోలేదు. పంతులమ్మా, పద్నాలుగు అని అక్షరాల్లో కూడా రాయి.

5. తాళంచెవి. మెడలో ఉంటే ఊపిరాడక, నల్ల తాడుతో సహా దిండు కింద పెట్టుకున్నాను. ఎవరికి చెందుతుందో చివర చెబుతాను. ముందే చెబితే ఈ గదిలో ఎవరుంటారు?

6. నా తమ్ముడి సంగతి. పంపుల గదిలో మోత ఎలా ఉంటుందో మీకు తెలియదు. పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని మేమిద్దరం పానాతో పైపు మీద కొట్టి మాట్లాడుకునేవాళ్లం. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా కొడితే, తెరువు అని. మూడూ దూరం దూరంగా కొడితే, నా పని అయిపోయింది, షిఫ్టు దిగుతున్నాను అని. ఇరవై రెండేళ్లు అలా మాట్లాడుకున్నాం. ఇంట్లో నోటితో ఆడుకున్న మాటల కంటే అవే ఎక్కువ, అవే మంచివి కూడా.

నాలుగేళ్ల కిందట వాడు నాకు చెప్పకుండా మెట్లెక్కి మీటరు చూశాడు. భోజనాల గదిలో అందరి ముందూ నిలబడి, "అన్నయ్యా, ముల్లు ముప్పై ఒకటి దగ్గరుంది. పలక మీద అరవై నాలుగు ఎందుకు రాశావు?" అన్నాడు. వాడన్నది నిజం. నీకు మీటరు చదవడం రాదన్నాను. ఇరవై రెండేళ్లు నా మీటర్లు చదివిన వాడిని పట్టుకుని అన్నాను. మీరంతా జావలోకి చూస్తూ కూర్చున్నారు. ఒక్క నా కూతురు మాత్రం, బాబాయి చెప్పింది నిజమో కాదో ఎవరైనా వెళ్లి చూడండి అని అరిచింది. ఎవరూ లేవలేదు. అదే ఆఖరు, మళ్లీ నన్ను నాన్నా అనలేదు.

అయితే నేను బయటికి వెళ్లి చూసి వస్తానన్నాడు వాడు. వెళ్లు, కానీ నీ కోసం మళ్లీ తలుపు తీయను అన్నాను. కోపంలో అన్నాను. వాడు పానా సంచిలో వేసుకుని నవ్వుతూ వెళ్లాడు. తీస్తానని వాడి నమ్మకం.

మూడో రోజు తలుపు పక్క పైపు మీద చప్పుడు మొదలైంది. మీరందరూ విన్నారు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా. నా మరదలు నా గదికి పరుగెత్తుకొచ్చి, "బావగారూ, అది ఆయనేనా?" అని అడిగింది. పైపులమ్మా, చల్లబడి ముడుచుకుంటున్నాయి అన్నాను. నేను మేస్త్రీని. పైపుల గురించి నేను చెబితే ఎవరు కాదంటారు?

అలా పదకొండు రోజులు.

ఎందుకు తీయలేదని అడుగుతారు. మొదటి రోజు భయం వేసి తీయలేదు. చెడు గాలి లోపలికి వస్తుందన్న భయం, అది నిజమైన భయమే. వాడు ఐదో రోజు కూడా బతికి కొడుతున్నాడంటే గాలి బాగానే ఉందని నాకు తెలిసిపోయింది. అప్పటి నుంచి, మొదటి రోజు తీయనందుకు తీయలేదు. తీస్తే ఏం జరుగుతుందో ఊహించి చూశాను. మీరంతా పైకి పోతారు. ఎండలో నిలబడతారు. నేను మళ్లీ పంపుల మేస్త్రీనవుతాను, ఈసారి పంపులు కూడా ఉండవు. నన్ను చూసి లేచే మనిషి ఒక్కడుండడు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని నేనూ వెతికాను. లేదు.

పదకొండో రోజున చప్పుడు మారింది. మూడు, ఒకదానికొకటి దూరంగా. షిఫ్టు దిగుతున్నాను అని. చచ్చిపోయేవాడు అలా కొట్టడమ్మా. చేతిలో బలం ఉంది. నిదానంగా, శుభ్రంగా కొట్టి వెళ్లాడు. ఎటు వెళ్లాడో తెలియదు. నేను ఈ గోడకు చెవి ఆనించి, మళ్లీ కొడతాడేమోనని రోజంతా కూర్చున్నాను. నా పానా తీసి జవాబు కొట్టబోయి, ఏం కొట్టాలో తెలియక దించేశాను. తప్పయింది అనే మాటకు మా దగ్గర గుర్తు లేదు. పనిలో దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

స్టూలు జరిగిన చప్పుడైంది. కూర్చోమ్మా. నీ వంతు ఇప్పుడే వస్తోంది.

7. నా పానా నా మరదలికి. నాలుగేళ్లు నువ్వు రోజూ జావ తెచ్చి నా చేతికిచ్చావు. నేను రోజూ తాగాను. ఒక్కరోజు కూడా ఆ జావ గొంతు దిగనని మొరాయించలేదు, అదీ నా బతుకు. క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది. ఇంతకంటే నిన్ను ఇబ్బంది పెట్టను.

దిండు సర్దుతున్నదెవరు? నర్సమ్మా? మంచిది. మెడ పట్టేసింది.

8. తాళంచెవి నా తదనంతరం నా కూతురికి చెందుతుంది. నిబంధన ఒక్కటే. నా ఊపిరి ఆగేదాకా తలుపు తీయకూడదు. రెండేళ్ల కిందటే పద్నాలుగుకు దిగిన ముల్లు ఇంకో వారంలో ఎక్కడికీ పోదు. నేను పోయాక మీ ఇష్టం, పరుగెత్తండి, నన్ను తిట్టండి, నా పేరు పలక మీద రాసి ఉమ్మండి. ఈ వారం రోజులు మాత్రం నన్ను పెద్దగా ఉంచండి. పొద్దున అంకె ఎంత అని ఎవరో ఒకరు వచ్చి అడగండి. ఖాళీ నేలమాళిగలో ఒంటరిగా చావడానికి నాకు భయంగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇదిగో, అంటున్నాను.

నడవాలో అడుగులు వినబడుతున్నాయి. నీళ్ల వంతు మారే వేళ కాబోలు. నిబంధన ప్రకారం వెళ్లండి, తోసుకోకండి.

ఎవరూ కాదనలేదు కనుక అందరూ ఒప్పుకున్నట్టు రాయి, పంతులమ్మా. వేలు ఎక్కడ పెట్టాలో చూపించు.

రాయించి ఇచ్చినవారు: మేస్త్రీగారు. ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
1. నర్సమ్మ. సంతకం చేసి, దుప్పటి ఆయన మీదే కప్పి, వెళ్లింది.
2. దర్జీ. సంతకం లేదు. ఆరో అంశం మధ్యలోనే లేచాడు.

దస్తూరి: పంతులమ్మ.

ఈ గదిలో వినబడిన ప్రతి మాటా రాస్తానని ఒట్టు వేశాను కనుక, మిగిలింది కూడా రాస్తున్నాను. ఆయనకు చూపు లేదని మాకందరికీ తెలుసు. కిందటేడు పలకకు నల్లరంగు వేయడానికి మూడు రోజులు తీసేశాము. ఆ మూడు రోజులూ ఆయన ఉత్త గోడ మీదే అంకె రాసి వెళ్లారు. మేము నిలబడి చూశాము, తడిగుడ్డతో తుడిచాము, జావ తాగాము. మీటరు వెళ్లి చూద్దామని ఎవరమూ అనలేదు. నేనూ అనలేదు. ఆ మాట అంటే పైకి వెళ్లి చూడవలసినవాళ్లం మేమే అవుతామని భయం. పైపుల చప్పుడు సంగతి మాత్రం ఇవాళే తెలిసింది.

దిండు సర్దింది నర్సమ్మ కాదు, ఆయన మరదలు. తాళంచెవి, పానా తీసుకుని ఆమె ముందు వెళ్లింది. తక్కినవాళ్లు ఆమె వెనకే వెళ్లారు. పైనుంచి నేను మరిచిపోయిన గాలి ఒకటి నడవాలోకి వస్తోంది. ఈ కాగితం ముగించి నేనూ వెళతాను.

కూతురు వెళ్లలేదు. గుమ్మం దగ్గర నుంచి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇప్పుడే పైపు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి, ఒకదానికొకటి దూరంగా. ఆయన తల ఎత్తి, ఏమిటా చప్పుడు అని అడిగారు.

"పైపులు, నాన్నా," అంది కూతురు. "చల్లబడి ముడుచుకుంటున్నాయి."